ఈశాన్య వానలు రాకముందే ఉపగ్రహ వరద పటం: తిరుపతి, చిత్తూరు మండలాల్లో ఏది పనికొస్తుంది, ఏది రాదు

వడమాలపేట_పటం
అందరికీ నమస్కారం. తిరుపతి రూరల్, చంద్రగిరి, రామచంద్రాపురం, వడమాలపేట, ఏర్పేడు, శ్రీకాళహస్తి మండలాలకు వరద వచ్చినప్పుడు ఉపగ్రహ చిత్రాల నుంచి మునక పటం చేసి సచివాలయాలకు, సహాయక బృందాలకు ఇవ్వాలని కొందరు విద్యార్థులు అనుకుంటున్నారు. క్యూజీఐఎస్ (పటాలు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్) వచ్చు, 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి, డబ్బు పెట్టి చిత్రాలు కొనే పరిస్థితి లేదు. కెమెరా లాగా పగటి వెలుతురులో చిత్రాలు తీసే యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 సరిపోతుందా, రాడార్ నేర్చుకోవాలా? నీళ్లు వచ్చిన ఎన్ని గంటల్లో పటం చేతికి వస్తుంది? అనుభవమున్నవాళ్లు వివరంగా చెప్పగలరు.

కట్టమీద_జీఐఎస్
మొదట మీ రెండో ప్రశ్నకే జవాబు చెబుతాను. మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

స్వర్ణముఖి చిన్న నది. శేషాచలం కొండల్లో, చంద్రగిరి వైపు కుండపోత పడితే నీళ్లు గంటల్లో తిరుచానూరు దాటేస్తాయి. ఒక్క సెంటినెల్-1 (యూరప్ వాళ్ల రాడార్ ఉపగ్రహం) ఒకే దారిలో మళ్లీ వచ్చేది 12 రోజులకు. రెండు పనిచేస్తే 6 రోజులు. 2021 డిసెంబరులో సెంటినెల్-1బీ ఆగిపోయింది, 2024 డిసెంబరులో 1సీ అంతరిక్షంలోకి వెళ్లింది. ఎన్ని ఉన్నా, వరద ఉచ్చస్థితిలో ఉన్న ఆ కొన్ని గంటల్లోనే ఉపగ్రహం మన నెత్తిమీదికి రావాలని లేదు. కాబట్టి కొట్టుకుపోతున్న మనిషిని కాపాడే సాధనం ఇది కాదు. ఈ మాట బృందంలో అందరికీ ముందే తెలిసి ఉండాలి.

పనికొచ్చేది నీళ్లు నిలబడే చోట. శ్రీకాళహస్తి కింద నాయుడుపేట వైపు పల్లపు భూములు, సూళ్లూరుపేట దగ్గర కాళంగి పులికాట్‌లో కలిసే చోటు, గొలుసుకట్టు చెరువుల కింది ఆయకట్టు. అక్కడ నీళ్లు రోజుల తరబడి ఉంటాయి. ఏ ఊరు ఇంకా నీళ్లలో ఉంది, ఏ పొలం మునిగింది, ఏ చెరువుకు గండి పడింది అన్న మూడు ప్రశ్నలకు ఉపగ్రహం గట్టిగా జవాబిస్తుంది.

ఇక సెంటినెల్-2. నవంబరులో అల్పపీడనం ఉన్నన్ని రోజులూ ఆకాశం మూసుకునే ఉంటుంది, మబ్బు తప్ప ఏమీ అగపడదు. రాడార్ నేర్చుకోక తప్పదు.

రాడార్_రేణిగుంట
కట్టమీద గారు చెప్పిందానికి కొనసాగింపుగా పని క్రమం రాస్తున్నాను.

సెంటినెల్-1 పంపే రాడార్ తరంగం (సీ-బ్యాండ్ అంటారు) పొడవు దాదాపు 5.6 సెంటీమీటర్లు. మబ్బు అడ్డు కాదు, రాత్రి అడ్డు కాదు. నున్నటి నీటి మీద పడిన తరంగం అవతలికి జారిపోతుంది, ఉపగ్రహానికి తిరిగి రాదు. అందుకే నీళ్లు నల్లగా పడతాయి. మీకు కావలసింది ఐడబ్ల్యూ మోడ్ (నేల మీద మామూలుగా వాడే చిత్రీకరణ పద్ధతి), జీఆర్‌డీ రకం (తిరిగొచ్చిన తరంగం బలం మాత్రమే ఉండే ఫైలు). పిక్సెల్ 10 మీటర్లు (అసలు విడమరిచి చూపగలిగేది 20 మీటర్ల దాకా అనుకోండి), పట్టీ వెడల్పు 250 కిలోమీటర్లు. ఒక్క దృశ్యం జిప్పు సుమారు 1 జీబీ ఉంటుంది. యూరప్ వాళ్ల డౌన్‌లోడ్ సైటు కోపర్నికస్ డేటా స్పేస్‌లో ఖాతా తెరిస్తే ఉచితం.

రాడార్ చిత్రాలను శుద్ధి చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ స్నాప్‌లో వరుస ఇది: ఆర్బిట్ ఫైలు (ఉపగ్రహం కచ్చితమైన దారి), థర్మల్ నాయిస్ తొలగింపు, అంచుల నాయిస్ తొలగింపు, కాలిబ్రేషన్ (సిగ్మా నాట్, అంటే నేల ఎంత తరంగం వెనక్కి పంపిందో చెప్పే విలువ), స్పెకిల్ (రాడార్ చిత్రంలో వచ్చే చుక్కల గోల) ఫిల్టర్ (రిఫైన్డ్ లీ చాలు), టెరైన్ కరెక్షన్ (కొండల ఎత్తు వల్ల జరిగిన చోట్లు సరిదిద్దడం), చివర డెసిబెల్స్‌లోకి మార్పు. 8 జీబీ ర్యామ్‌తో మొత్తం దృశ్యాన్ని తోస్తే మధ్యలో ఆగిపోతుంది. ఆర్బిట్ ఫైలు పెట్టగానే మీ ఆరు మండలాల చుట్టూ సబ్‌సెట్ కోసి మిగతావి నడపండి. ఎత్తుల కోసం ఎస్‌ఆర్‌టీఎం 30 మీటర్లది గానీ కోపర్నికస్ జీఎల్‌ఓ-30 గానీ వాడండి. నెట్ ఉండదన్న లెక్కతో ఆ ఫైలు ముందే దింపి పెట్టుకోవాలి. ప్రొజెక్షన్ యూటీఎం 44 ఉత్తరం (మీటర్లలో కొలిచేది). అక్షాంశ రేఖాంశాల్లోనే ఉంచి విస్తీర్ణం లెక్క కట్టకండి, అంకె తప్పు వస్తుంది.

ఆన్‌లైన్‌లోనే చిత్రాలు విశ్లేషించే గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో ఈ తయారీ పని దాదాపు అంతా చేసే ఉంచుతారు, స్పెకిల్ ఫిల్టర్ ఒక్కటి మీరు పెట్టుకోవాలి. సాధనకు అది చాలా బాగుంటుంది. కానీ కొత్త దృశ్యం అందులోకి ఎక్కేసరికి రెండు రోజుల దాకా పట్టవచ్చు. వరద రోజున నేరుగా డేటా స్పేస్ నుంచి తీసుకోవడమే దారి.

వీవీ, వీహెచ్ రెండూ చూడండి (తరంగం నిలువుగా పంపి నిలువుగా అందుకుంటే వీవీ, అడ్డంగా అందుకుంటే వీహెచ్). గాలికి అలలు లేస్తే వీవీలో నీళ్లు తెల్లబడి నేలలో కలిసిపోతాయి. వీహెచ్ ఆ దెబ్బ కొంత తట్టుకుంటుంది.

వడమాలపేట_పటం
చాలా థాంక్స్ అన్నా. నీటికి గీత ఎక్కడ గీయాలి? యూఎన్-స్పైడర్ (విపత్తుల్లో ఉపగ్రహ సమాచారం వాడే ఐక్యరాజ్యసమితి కార్యక్రమం) వాళ్ల పద్ధతిలో తర్వాతి చిత్రాన్ని ముందు చిత్రంతో భాగించి 1.25 దాటితే వరద అంటున్నారు. అదే పెట్టేయొచ్చా?

రాడార్_రేణిగుంట
మొదలుపెట్టేదానికి మంచి పద్ధతే. ఆ 1.25 ఏమిటో తెలుసుకుని వాడండి. ఎర్త్ ఇంజిన్‌లో విలువలు డెసిబెల్స్‌లో ఉంటాయి. డెసిబెల్ అప్పటికే లాగరిథమ్. దాన్ని మళ్లీ భాగిస్తే గీత నేలను బట్టి జరుగుతుంది. ముందు మైనస్ 10 ఉన్న చోట మైనస్ 12.5 అయితే 1.25 వచ్చేస్తుంది, అంటే 2.5 డెసిబెల్స్ తగ్గినా వరదే. ముందు మైనస్ 20 ఉన్న చోట మైనస్ 25 కావాలి, అంటే 5 డెసిబెల్స్ పడిపోవాలి. రెండు పొలాలకు రెండు నియమాలు పెట్టినట్టయింది కదా.

నా సలహా: తీసివేత వాడండి. 3 డెసిబెల్స్‌కు మించి పడిపోవాలి, దాంతోపాటు తర్వాతి చిత్రంలో విలువ కూడా నీటి స్థాయిలో ఉండాలి. వీవీలో మైనస్ 15 నుంచి మైనస్ 18 మధ్య, వీహెచ్‌లో మైనస్ 22 నుంచి మైనస్ 24 మధ్య ఎక్కడో గీత పడుతుంది. కచ్చితంగా ఎక్కడన్నది ఆ రోజు చిత్రంలో తెలిసిన చెరువు ఒకటి, పక్కన పొడి నేల ఒకటి తీసుకుని హిస్టోగ్రామ్ (ఏ విలువ పిక్సెళ్లు ఎన్నున్నాయో చూపే గ్రాఫు) చూసి నిర్ణయించాలి. రెండు గుట్టల మధ్య లోయ ఉంటుంది, గీత అక్కడ.

ముందు చిత్రం తప్పకుండా అదే రిలేటివ్ ఆర్బిట్‌ది (ఉపగ్రహం 12 రోజులకు మళ్లీ వచ్చే అదే దారిది), అదే దిశది కావాలి. వేరే ఆర్బిట్‌ది తీసుకుంటే చూసే కోణం మారి, నీళ్లు లేకున్నా తేడా వస్తుంది.

చెరువు_లెక్క
నల్లగా ఉన్నదంతా నీళ్లు కాదప్పా. మన దగ్గర నాలుగు చోట్ల మోసపోతారు.

రేణిగుంట విమానాశ్రయం రన్‌వే. నున్నటి తారు, నీళ్ల మాదిరే నల్లటి పట్టీగా పడతాది. హైవే కూడా కొన్ని చోట్ల అంతే.

స్వర్ణముఖి ఇసుక. ఎండిన ఇసుక కూడా రాడార్‌కు నలుపే. ముందు చిత్రంలోనే నల్లగా ఉండేదానికి, ఏటి గర్భంలో నీళ్లు వచ్చినా తేడా పద్ధతి పట్టుకోదు. ఏరు పారిందా లేదా అని ఈ పటం చూసి చెప్పకండి. గట్టు దాటి బయటికి వచ్చిందా అనేదే చూడండి.

కొండ నీడ. తిరుమల కొండల వెనుక వాలు మీదికి రాడార్ చేరదు. అక్కడంతా వరద అని పటం చూపిస్తే చూసినవాళ్లు మళ్లీ మీ పటం నమ్మరు. వాలు 5 డిగ్రీలు దాటినవి తీసేయండి. దగ్గరి వాగు మట్టం కన్నా 15, 20 మీటర్లు పైనున్న పిక్సెళ్లూ తీసేయండి. వాగు మట్టం పైన ఉండే ఈ ఎత్తునే హ్యాండ్ అంటారు, మెరిట్ హైడ్రో అనే ఎత్తుల, వాగుల డేటాలో 90 మీటర్లది దొరుకుతాది. కానీ కొండ అంచు వంకలు కూడా ఈ కోతలో పోతాయి. పోయినాయని పటం మీద రాయాలి.

నాలుగోది అన్నిటికన్నా పెద్దది: నాటు వేసిన కయ్యలు. నవంబరు, డిసెంబరులో దమ్ము చేసి నీళ్లు పెట్టిన మడి, వరద మునక ఒకే మాదిరి ఉంటాయి. ఏప్రిల్ చిత్రంతో పోలిస్తే ఆయకట్టు మొత్తం వరదలో ఉన్నట్టు వస్తాది. ముందు చిత్రం 12 రోజులు, లేదంటే 24 రోజుల ముందుదే కావాలి.

చెరువులు తీసేసేదానికి జేఆర్‌సీ (యూరప్ పరిశోధన కేంద్రం) నీటి పటం వాడతారు, ఏడాదిలో 10 నెలల పైన నీళ్లుండేవి శాశ్వతం అని. మన చెరువులు ఎక్కువ భాగం ఆ లెక్కకు అందవు, సగం ఏడాది ఎండే ఉంటాయి. పులికాట్ అంచులూ అంతే. అవన్నీ వరద కింద వచ్చేస్తాయి. చెరువుల పొర ఒకటి మీరే గీసుకోండి. పూర్తి మట్టం దగ్గర నీళ్లు ఎంతవరకు నిలుస్తాయో మంచి వానల ఏడాది సెంటినెల్-2 చిత్రంలో, మబ్బు విడిచిన రోజు చూస్తే తెలుస్తాది.

శ్రీకాళహస్తి_దారి
తిరుపతి టౌనులో వీధుల్లో నీళ్లు దీంతో తెలుస్తాయా? 2021 నవంబరులో రైల్వే అండర్ బ్రిడ్జిలు నిండిపోయినాయి కదా.

రాడార్_రేణిగుంట
నమ్మదగినట్టు తెలియవు. ఇళ్ల మధ్య నీళ్లున్నప్పుడు తరంగం నీటి మీద పడి, గోడకు తగిలి, తిరిగి ఉపగ్రహానికే వస్తుంది. నల్లబడాల్సింది ఇంకా తెల్లబడుతుంది. పైగా వీధి వెడల్పు ఒక పిక్సెల్ కూడా ఉండదు. మునక ముందు, మునక సమయంలో ఎస్‌ఎల్‌సీ (తరంగం దశ కూడా ఉండే ఫైలు) జంటలు తీసుకుని కొహెరెన్స్ (రెండు చిత్రాల మధ్య పోలిక) తగ్గుదల చూసే పద్ధతి ఉంది. ఆ ఫైళ్లు చాలా పెద్దవి, మీ ల్యాప్‌టాప్‌లకు భారం. పటంలో పట్టణ భాగం మీద అడ్డగీతలు కొట్టి 'ఇక్కడ రాడార్ చూడలేదు' అని రాయండి. ఖాళీగా వదిలితే నీళ్లు లేవని చదువుకుంటారు, అది ప్రమాదం.

కట్టమీద_జీఐఎస్
అడ్డగీతల మాట బంగారం లాంటిది. మామిడి తోటలకూ అదే చేయాలి. చిత్తూరు వైపు గుబురు తోటల కింద నీళ్లు నిలిస్తే సీ-బ్యాండ్ ఆకుల మీదే ఆగిపోతుంది. ఎల్-బ్యాండ్ తరంగం దాదాపు 24 సెంటీమీటర్లు, అది ఆకులను దాటి కిందికి పోతుంది. 2025 జులై 30న మన శ్రీహరికోట నుంచే వెళ్లిన ఇస్రో-నాసా రాడార్ ఉపగ్రహం నైసార్‌లో ఎల్-బ్యాండ్, ఎస్-బ్యాండ్ రెండూ ఉన్నాయి. తిరిగి వచ్చే వ్యవధి 12 రోజులే కాబట్టి వేగం పెరగదు. తోటల కింద నీళ్లు చూసే శక్తి మాత్రం పెరుగుతుంది. అలాంటి చోట నీళ్లుంటే నల్లగా కాదు, మెరుపుగా పడుతుందని గుర్తుంచుకోండి. ఇప్పటి సూత్రం దానికి తిరగేసి రాయాలి.

మన సొంత సీ-బ్యాండ్ రాడార్ ఉపగ్రహం ఈవోఎస్-04 కూడా 2022 ఫిబ్రవరి 14న అక్కడి నుంచే వెళ్లింది. ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో దూరసంవేదన కేంద్రం) వాళ్ల భూనిధి పోర్టల్‌లో వెతకండి. సెంటినెల్ రాని రోజు అది రావచ్చు.

కంట్రోల్‌రూం_డెస్క్
ఇక్కడ పటం చేసే సంగతే మాట్లాడుతున్నారు, అందుకునేవాళ్ల వైపు నుంచి కొన్ని మాటలు.

ముందు చేసి ఉన్నదాన్ని చూడండి. పెద్ద వరద వస్తే ఎన్‌ఆర్‌ఎస్‌సీ మునక పొరలు ఇస్రో పటాల సైటు భువన్‌లో పెడుతుంది. కోపర్నికస్ గ్లోబల్ ఫ్లడ్ మానిటరింగ్ ప్రతి సెంటినెల్-1 దృశ్యానికీ తనంతట తానే మునక గీసి 8 గంటల్లోపు ఇస్తుంది, ఏ చోట చూడలేకపోయిందో ఆ మాస్కుతో సహా. పెద్ద విపత్తులకు ఉపగ్రహ చిత్రాలిచ్చే అంతర్జాతీయ ఛార్టర్ కింద వాణిజ్య ఉపగ్రహాల చిత్రాలు కూడా వస్తాయి గానీ దాన్ని కదిలించే అధికారం అధీకృత సంస్థలకే ఉంటుంది. ఇస్రో 2001 నుంచి అందులో సభ్యురాలు. విద్యార్థి బృందం వేళ్లు పెట్టాల్సిన చోటు ఇది కాదు. వచ్చిన మునకను మన ఊళ్ల మీద పెట్టి, మన భాషలో, మన లెక్కల్లో చెప్పడం మీ పని. ఆ పని బయటివాళ్లు చేయలేరు.

మాకు కావలసింది రంగుల పటం ఒక్కటే కాదు. ఊరి పేరు, మునిగిన ఎకరాలు, నీటి అంచుకు 50 మీటర్ల లోపు ఎన్ని ఇళ్లు, రోడ్డు ఎక్కడ తెగింది అనిపిస్తోంది, చిత్రం ఏ తేదీ ఏ టైముది. 10 మీటర్ల పిక్సెళ్లు దాదాపు 40 కలిస్తే ఒక ఎకరా. 8 పిక్సెళ్ల కన్నా చిన్న ముక్కలు, అంటే 20 సెంట్ల లోపువి, తీసేయండి. వాటిలో చాలావరకు స్పెకిలే.

ఇళ్లకు గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్ పొర ఉచితం. కాన్ఫిడెన్స్ (అది ఇల్లే అన్న నమ్మకం అంకె) తక్కువ ఉన్నవి వదిలేయండి, లేకపోతే కోళ్ల ఫారాలు, బండరాళ్లు కూడా ఇళ్ల లెక్కలో పడతాయి. ఊరి పేర్లకు ఎల్‌జీడీ కోడ్ (ప్రతి ఊరికీ కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన నంబరు) తప్పనిసరి. జిల్లాలో ఒకే పేరున్న ఊళ్లు ఉన్నాయి, ఇంగ్లీషు స్పెల్లింగు ఫైలు ఫైలుకూ మారుతుంది. 2011 జనగణన సరిహద్దుల్లో మీ ఆరు మండలాలూ చిత్తూరు జిల్లాలోనే ఉంటాయి, సూళ్లూరుపేట నెల్లూరులో ఉంటుంది. 2022 ఏప్రిల్ 4 పునర్విభజన, ఆ తర్వాతి మార్పులు చూసుకుని జిల్లా, మండలం కాలమ్‌లు సరిచేయండి.

చెరువు_లెక్క
గండి సంగతి ఎవరూ రాయలేదు. చెరువు ఒక్కొక్కదానికీ నీటి విస్తీర్ణం ప్రతి చిత్రంలోనూ లెక్కేసి వరుసగా పెట్టండి. మరవ (అలుగు) పారే స్థాయి దగ్గరికి వచ్చిన చెరువు తర్వాతి చిత్రంలో ఒక్కసారిగా కుంచించుకుపోయి, కట్ట కింద కొత్తగా నల్లటి నాలుక సాగి ఉంటే గండి పడినట్టే అనుమానించాల. అప్పుడు గొలుసులో దాని కింది చెరువు ఏదో వెంటనే చూసి ఫోను చేయాల, ఎందుకంటే పై చెరువు నీళ్లంతా ఇప్పుడు దాని నెత్తిన పడతాయి. అందుకని ఏ చెరువు మరవ ఏ చెరువులోకి పోతాదో ముందే పట్టిక రాసి పెట్టుకోండి. ఊళ్లో నీరుకట్టు చేసేవాళ్లను అడిగితే ఏ డీఈఎం (నేల ఎత్తుల ఫైలు) కన్నా బాగా చెబుతారు.

కట్ట జారుతోందా, నీళ్లు ఊరుతున్నాయా అనేది పైనుంచి తెలియదు. 2021 నవంబరులో రాయలచెరువు కట్ట నుంచి నీళ్లు కారుతుంటే చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించినారు. ఆ లీకేజీ 10 మీటర్ల పిక్సెల్‌కు అందే విషయం కాదు. కట్ట మీద నడిచి చూసే మనిషే చెప్పాల.

శ్రీకాళహస్తి_దారి
వరద తగ్గినాక పంట నష్టం రాసేటప్పుడు ఇవి పనికొస్తాయా? ఇసుక మేటలు వేసిన పొలాలు?

కట్టమీద_జీఐఎస్
అక్కడ సెంటినెల్-2 రాజ్యం. మబ్బు విడవగానే ముందు, తర్వాత చిత్రాలు పక్కపక్కన పెట్టండి. బురద నీటికి మామూలు ఎన్‌డీడబ్ల్యూఐ (నీటిని గుర్తించే సూచిక) తడబడుతుంది. ఆకుపచ్చ బ్యాండ్ 3, స్వల్ప పరారుణ బ్యాండ్ 11 తో చేసే ఎంఎన్‌డీడబ్ల్యూఐ మెరుగు. బ్యాండ్ 11 పిక్సెల్ 20 మీటర్లని మరవకండి.

ఇసుక మేటకు గుర్తు: ముందు పచ్చగా ఉన్న మడిలో ఎన్‌డీవీఐ (పచ్చదనం సూచిక) పడిపోయి, కనిపించే బ్యాండ్లన్నిటిలోనూ, బ్యాండ్ 11లోనూ వెలుగు పెరుగుతుంది. ఆ మచ్చ ఏటి గట్టుకో, తెగిన కట్టకో అంటుకుని నాలుక ఆకారంలో సాగుతుంది. విడిగా పొలం మధ్యలో గట్ల లోపల నాలుగు పలకలుగా తెల్లబడితే అది కోత కోసిన మడి అయ్యుంటుంది, మేట కాదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాము తెగినప్పుడు కింది ఊళ్ల పొలాల్లో మేటలు వేసింది ఇలాగే. సాధనకు ఆ ప్రాంతం చిత్రాలు తెరిచి చూడండి, పులపత్తూరు, తొగూరుపేట వైపు. కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

అయితే సహాయ నిబంధనల్లో మేట తొలగింపు సాయానికి ఇసుక మందం 3 అంగుళాలు దాటాలి, పంట సాయానికి నష్టం 33 శాతం గానీ ఆపైన గానీ ఉండాలి. మందం ఉపగ్రహం కొలవదు. పటం చేసే మేలు వేరే ఉంది: ఏ సర్వే నంబర్లకు మనిషి ముందు పోవాలో చెబుతుంది, రోడ్డుకు దూరంగా ఉన్న రైతు పొలం జాబితాలో జారిపోకుండా చూస్తుంది. పటంలో లేదు కాబట్టి నష్టం లేదు అని ఎవరైనా రాస్తే గట్టిగా అడ్డుచెప్పండి. కౌలుకు చేసుకునేవాళ్లకు ఆ ఒక్క వాక్యం ఏడాది తిండి పోగొడుతుంది.

వడమాలపేట_పటం
అందరికీ కృతజ్ఞతలు. పట్టిక, పటం ఊళ్లోకి ఎట్ల పంపాలి? నెట్ సరిగా ఉండదు కదా.

కంట్రోల్‌రూం_డెస్క్
మూడు రూపాల్లో పంపండి. పటం ఏ3 కాగితం మీద 1:25,000 స్కేలుతో, ఒక షీటులో సుమారు 10 కిలోమీటర్లకు 7 కిలోమీటర్లు వస్తుంది. ఆఫీసులో ప్రింటరు పనిచేయకపోవచ్చు కాబట్టి ఖాళీ ఆధార పటాలు అక్టోబరు లోపే ముద్రించి మండలానికి ఇచ్చేయండి. వరద రోజున వాటి మీద పెన్నుతో గీసుకుంటారు. ఫోనుకు కేఎంజడ్ ఫైలు (గూగుల్ ఎర్త్‌లో తెరుచుకునే పటం). వాట్సాప్‌లో ఫొటోగా పెడితే అక్షరాలు చెదిరిపోతాయి, డాక్యుమెంటుగానే పంపాలి. మూడోది మామూలు మెసేజీ, సిగ్నల్ ఒక గీత ఉన్నా పోయేది. ఇలా ఉంటే చాలు:

'మండలం, ఊరు, ఎల్‌జీడీ కోడ్. మునక 64 ఎకరాలు. నీటి అంచున ఇళ్లు 22. ఊరికి తూర్పు కాజ్‌వే దగ్గర రోడ్డు మీద నీళ్లు ఉండవచ్చు, పోయి చూడాలి. చిత్రం టైము ఉదయం 6:00, తేదీ. టౌను, తోటల కింద చూడలేదు.'

అంకెలు నమూనాకు రాసినవి. టైము దగ్గర జాగ్రత్త. సెంటినెల్ ఫైలు పేరులో తేదీ పక్కన టీ అక్షరం తర్వాత 003012 అని ఉంటే అది యూటీసీ 00:30. దానికి 5:30 కలిపితే మన ఉదయం 6 గంటలు. మీరు పటం పూర్తి చేసిన టైము వేరే, అది కూడా రాయండి. ఆరింటికి తీసిన నీటిని సాయంత్రం నీరనుకుని పడవ పంపితే అవసరమున్న ఇంకో ఊరికి పడవ లేకుండా పోతుంది.

చిక్కుకున్నవాళ్ల ఇంటి పాయింట్లు, ఫోను నంబర్లు పబ్లిక్ గ్రూపుల్లో పెట్టకండి. అవి 112కు గానీ జిల్లా కంట్రోల్ రూము 1077కు గానీ నేరుగా ఇవ్వండి.

రాడార్_రేణిగుంట
ఒక్కటి కలుపుతాను. సెంటినెల్-1 ఏ రోజు ఏ దారిన పోతుందో ఈఎస్‌ఏ (యూరప్ అంతరిక్ష సంస్థ) ముందే కేఎంఎల్‌గా పెడుతుంది. గూగుల్ ఎర్త్‌లో తెరిచి మన మీదుగా వచ్చే తేదీలు నవంబరు, డిసెంబరు క్యాలెండరులో రాసిపెట్టుకోండి, ప్రణాళిక మారుతుంటుంది కాబట్టి వారానికోసారి సరిచూడండి. అల్పపీడనం హెచ్చరిక రాగానే ఆ ఆర్బిట్ నంబరుకు సరిపోయే ముందు చిత్రం దింపి, శుద్ధి చేసి సిద్ధంగా ఉంచండి. అప్పుడు కొత్త దృశ్యం వచ్చాక మిగిలేది దాని శుద్ధి, తీసివేత, మాస్కులు, పట్టిక. ఈ వరుసను స్నాప్ గ్రాఫ్‌గా ఒక ఫైలులో సేవ్ చేసి, కరెంటు పోతుందన్న లెక్కతో రెండు ల్యాప్‌టాప్‌లలో పెట్టండి. సాధనకు 2021 నవంబరు దృశ్యాలు వాడండి. ఆరు మండలాలకు పట్టిక వచ్చాక ఇక్కడ పెట్టండి, తప్పులు అందరం చూద్దాం.